ఫిబ్రవరి ముప్పై

రాత్రి పదకొండు నుంచి తెల్లారి ఏడు దాకా
యంగ్స్‌టౌన్ బ్యాంకు నేలమాళిగలో
చెక్కుల మీది అంకెల్ని మీటల మీద కొట్టడం నా పని.
ఎడమ చెయ్యి కాగితం తిప్పుతుంది,
కుడి చెయ్యి చూడకుండా కొడుతుంది.
గంటకి పన్నెండు వందలు.
తగ్గితే గ్లాడిస్ నా కుర్చీ వెనక వచ్చి నిలబడుతుంది,
ఏమీ అనదు, గొంతు సవరించుకుంటుంది.

పద్దెనిమిదేళ్లలో నేర్చుకున్నది ఒక్కటే:
కన్ను కుడిపక్క చిన్న గడి దాటి పోకూడదు.
సంతకం నాకక్కర్లేదు.
తారీఖు నాకక్కర్లేదు.
రాసేవాళ్లకి ఆ సంగతి తెలీదు.
పై మూల ఆ గీత మీద
రేపటిని గొళ్లెంలా బిగించి
నిశ్చింతగా నిద్రపోతారు.
గొళ్లెం ఉంది. తలుపే లేదు.

ఆ జనవరి తొమ్మిదిన, రాత్రి రెండున్నరకి,
ఆకుపచ్చ సిరా నా కంటికి అడ్డం పడింది.
ఆర్విల్ టేట్‌కి, హీటరు రిపేరు,
నూట ఎనభై నాలుగు డాలర్లు.
తారీఖు జనవరి పదిహేను.
అడుగున చీమల బారంత అక్షరాలు:
దయచేసి పదిహేను దాకా ఆగు, ఆర్విల్.
సంతకం, ఇర్మా హలుష్కా.

ఇర్మా నాకు తెలుసు.
బడి బస్సు నడుపుతుంది. జీతం పదిహేనున.
హీటరు చచ్చిపోయి పిల్లాడు కోటుతోనే పడుకుంటున్నాడని
చర్చి వంటింట్లో పిరోగీలు మడుస్తూ చెప్పింది.
ఆర్విల్ మంచివాడనీ చెప్పింది.
మంచివాడే.
వ్యాను వాయిదా ఆ వారమే మీద పడిందో,
వాళ్లావిడ సొరుగు దులిపి
అన్నిటితోపాటు దీన్నీ జమ కట్టేసిందో,
ఆ కథ నాకు తెలీదు.
తెలిసిందల్లా, నేను చదవడం పూర్తయ్యేసరికి
నా చెయ్యి కొట్టేసింది.
ఒకటి, ఎనిమిది, నాలుగు, సున్నా, సున్నా.
అయ్యో అనేలోపు
కాగితం అవతలి గూట్లో పడింది.

పక్కకి తియ్యొచ్చా, అని గ్లాడిస్‌నడిగాను.
"ఆపమని ముందుగా మనకి రాసిచ్చిందా?"
లేదు. ఆర్విల్‌ని అడిగింది.
బ్యాంకుని కూడా అడగాలని ఆవిడకెవరు చెప్పారు?
"మరింకేం," అంది గ్లాడిస్.
గొంతు సవరించుకుంది.

ఆ తర్వాత మూడు రాత్రులు
ఇర్మా పేరు వెనక్కి వస్తూనే ఉంది.
గ్యాసు కంపెనీది, నలభై ఒకటి.
కిరాణాది, ఇరవై రెండు డెబ్భై.
పిల్లాడి ట్రంపెట్ అద్దె, పద్నాలుగు.
ఆ పద్నాలుగుకి మేం వేసిన జరిమానా ఇరవై అయిదు.
"నిల్వ చాలదు" ముద్ర ఉండేది నా బల్ల మీదే.
దాని పిడి నా బొటనవేలికి అరిగి నున్నబడింది.

శుక్రవారం చర్చి వంటింట్లో
ఇర్మా పిండి ఒత్తుతూ అంది:
"మిషన్లు! తారీఖు చూసేపాటి బుర్ర వాటికెక్కడిదే?"
ట్రంపెట్ మాట ఎత్తలేదు.
పిల్లాడు మాత్రం గుమ్మం దగ్గర కూచుని
మోకాలి మీద మూడు వేళ్లు
ఒకదాని తర్వాత ఒకటి నొక్కుకుంటున్నాడు.
నేను ఉడికిన బంగాళాదుంపలు మెదుపుతున్నాను.
అవును, మిషన్లే, అన్నాను.
ఉప్పు రెండుసార్లు వేశాను.

అప్పట్నుంచీ తారీఖులు చదువుతున్నాను.
ఆపడానికి కాదు, ఆపే అధికారం నాకెప్పుడూ లేదు.
ఊరికే చదువుతాను,
దారిన పోయే శవపేటికకి టోపీ తీసినట్టు.
వచ్చే శుక్రవారం. ఒకటో తేదీ. ఈస్టర్ మర్నాడు.
ఎంతమంది ఎన్ని రేపుల్ని
ఇవాళే నా చేతికిచ్చి పోతున్నారో!
నా లెక్క గంటకి వెయ్యీ తొంభైకి పడిపోయింది.
గ్లాడిస్ ఇప్పుడు కుర్చీ తెచ్చుకుని మరీ కూచుంటోంది.

నిన్న రాత్రి ఒకటి వచ్చింది, పెన్సిలుతో.
ఇద్దరు పిల్లలకి కళ్లజోళ్లు, అరవై డాలర్లు.
తారీఖు, ఫిబ్రవరి ముప్పై.
చాలాసేపు చూశాను.
అదీ చెల్లింది.