తీసివేత

డ్రమ్ములో నీళ్ళు మళ్ళీ గడ్డకట్టాయి.
ఎర్గాష్ అకా గరిటె తిరగేసి కొట్టి
కెటిల్‌కి సరిపడా ముక్కలు ఏరుకున్నాడు.
కొండ కింద కితోబ్ ఊరి దీపాలు.
మా మాటలో ఆ పేరుకి పుస్తకమని అర్థం,
ఎవరో చదువుతూ చదువుతూ
తెరిచిపెట్టే నిద్రపోయారు.

గోపురం తలుపు మొరాయించింది.
ఇద్దరం భుజం పెట్టి నెట్టాం.
సందులోంచి వృషభరాశి,
వృషభంలో మసి పట్టిన ఒక మూల,
ఆ మసిలో అది.

ఇరవై లక్షల ఏళ్ళు దానికి.
నక్షత్రాల్లో ఇంకా బొడ్డూడని వయసు.
ఆటలమ్మ పోసిన పిల్లలా ఒళ్ళంతా మచ్చలు,
ఒకచోట నిలవదు, గిర్రున తిరుగుతుంది,
మచ్చ ఇటు తిరిగితే మసకేస్తుంది
అటు తిరిగితే మండిపోతుంది.

ముప్పై ఒక్క ఏళ్ళు
ఎర్గాష్ అకా దాని వెలుగు కొలిచాడు.
తారీఖు, గంట, అంకె.
పక్కన చీమతలలంత అక్షరాలు:
దుమ్ము.
జనరేటర్ ఆగింది.
కూతురు పుట్టిందని కింద నుంచి కబురు.
మళ్ళీ తగ్గింది, ఎందుకో.
జీతాలు రాని ఏడాది
గోపురం వెనక బంగాళాదుంపలు వేశాడు.
ఆ ఏడు కూడా పుస్తకంలో
మబ్బు పట్టిన రాత్రులే ఖాళీ.

మొన్న ఫ్రాన్సులో ఏదో కొండ మీద నుంచి
పెద్ద అద్దం వాళ్ళు రాశారు.
మీ నక్షత్రం ఊగుతోంది,
ఐదు రాత్రులకోసారి ఏదో లాగుతున్నట్టు.
కానీ మచ్చలు తిరిగినా అలాగే కనిపిస్తుంది.
మచ్చల లెక్క మీ దగ్గరుంటే పంపండి,
తీసివేస్తాం.

ఆ ఆఖరి మాట ఆయనకి చదివి వినిపించలేదు.
ఆయనే అడిగాడు.
చదివాను.

పటికబెల్లం ముక్క దవడన పెట్టుకుని
చాలాసేపు టీ తాగాడు.
"మా అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరేది, హుమోర్.
రాళ్ళకి ఎవరైనా లెక్క రాస్తారా?
నేను రాశాను.
పంపు."

మూడు వారాలు అంకెలు ఎక్కించాను.
ఏడు ఒకటిలా ఉంటుంది ఆయన రాతలో,
చలికి వేళ్ళు కొంకర్లు పోయిన రాత్రులు
మూడూ ఎనిమిదీ ఒకటే.
ఆయన పక్కన కూర్చుని
ఏ రాత్రి ఏదో గుర్తు తెచ్చుకునేవాడు.

అన్నీ పోగా
ఒక చిన్న అల మిగిలింది.

గురుగ్రహమంత గ్రహం.
మంచు ముద్దలుండే దూరాన పుట్టి ఉంటుందట,
ఎప్పుడు బయల్దేరిందో,
పొయ్యిలో చెయ్యి పెట్టేంత దగ్గరకొచ్చి తిరుగుతోంది.
దాని ఏడాది మన ఐదు రోజులు.
నేను గీత చూపిస్తుంటే
ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని,
తుడుచుకున్నవే మళ్ళీ తుడుచుకుని
"అందులో పడిపోతుందా?" అన్నాడు.
తెలీదన్నాను. కరిగి సన్నబడొచ్చు,
అలాగే ఉండిపోనూ వచ్చు.

"ఎర్గాష్ అంటే వెంట నడిచేవాడు" అన్నాడు,
నాకు తెలియనట్టు.
"మా నాన్నకి నేను నాలుగోవాణ్ణి.
పేర్లు అయిపోయి పెట్టారు."

ఇంకేమీ అనలేదు.
బయటికెళ్ళి పడమటి మబ్బు చూసొచ్చి
పెన్సిల్ చెక్కి
ఈ రాత్రి అంకె వేశాడు.
పక్కన: గాలి లేదు. కొంచెం తగ్గింది.
ఎందుకో అని మాత్రం రాయలేదు.

తెల్లారుతుంటే
తలుపు మూసుకోనంది.
మళ్ళీ ఇద్దరం భుజం పెట్టాం.