సున్నా రాసిన ఏడు

మా పిట్టల సంఘానికి బీరువా లేదు.
రికార్డంతా నా టిఫిన్ సంచిలోనే:
రసీదు పుస్తకం, రబ్బరు ముద్ర,
ఒక కన్ను మసకేసిన బైనాక్యులర్,
పేజీ గుర్తుకి గూడబాతు ఈక.

బోర్డు మీద ‘సంరక్షన’ అని రాశాడు పెయింటరు.
‘ణ’ దిద్దడానికి నూట యాభై అడిగాడు.
తీర్మానం వాయిదా పడింది. ఏడేళ్లయింది.

దొరవారిసత్రం దాటాక మట్టిరోడ్డు,
ఆ చివర గుండుపాళెం చెరువుకట్ట.
ఆదివారం తెల్లారేసరికి
పదిహేడు మంది సభ్యుల్లో నలుగురం తేలతాం:
కరెంటాఫీసు ఖాదర్‌వలీ, పాలకేంద్రం మస్తానమ్మ,
నేను, ఈగ పోలయ్య.

పోలయ్య ఒకప్పుడు చిలువలకి వల పన్నినవాడు.
ఇప్పుడు మా లెక్కలు దిద్దేది అతనే.
పోయినేడు నేను నాలుగొందల పన్నెండంటే
“పదకొండే సారూ, ఆ కొసది యూరియా సంచి” అన్నాడు.
నిజమే, సంచే.
గాలికి రెక్క విప్పింది, నా తప్పేముంది?

గాలివానకి గూళ్లు జారినప్పుడు
బొచ్చు రాని పిల్లల్ని గంపకెత్తి
వారం రోజులు చేపలు మేపింది మస్తానమ్మ.
పాలు నీచు కొడుతున్నాయని
రెండిళ్ల వాళ్లు వాడిక మానేశారు.
ఆ నష్టం మా జమాఖర్చుల్లో లేదు.

ఈ ఏడు వాన లేదు.
వాయుగుండం మన మీదికే అన్నారు,
ఒంగోలు వైపు తిరిగిపోయింది.
తుపాను రావాలని మొక్కుకునే సంఘం
ఇంకెక్కడన్నా ఉంటుందా!

చెరువు నెర్రెలిచ్చింది.
మోకాటి లోతున నిలబడాల్సిన కడపచెట్లు
పంచె ఎగ్గట్టుకుని వచ్చి
దాటడానికి ఏరు కనపడక
ఆగిపోయిన మనుషుల్లా ఉన్నాయి.

పుస్తకం తెరిచాను.
గూడబాతులు—
“రాయబాకండి సారూ,” మస్తానమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.
“సున్నా పెడితే ఇంక రావని రూఢయిపోతాది.
ఖాళీగా వదిలెయ్యండి.”

“ఖాళీగా ఉంటే
రానిది మనమనుకుంటారు గదమ్మా”
అన్నాడు ఖాదర్‌వలీ.

పోలయ్య చెరువులోకి దిగాడు.
ఒక చెట్టు మొదట మట్టి గీకి వాసన చూశాడు.
“చావలా. నీళ్లు తోలితే ఆగుతాయి.”

నిల్వ మూడువేల ఆరొందలు.
ట్యాంకరు తొమ్మిదొందలు.
నాలుగు ట్యాంకర్లు.
బోర్డు మాట ఎవరూ ఎత్తలేదు.

సున్నా రాసి సంతకం పెట్టాను.
ముగ్గురూ చేశారు.
పోలయ్య వేలిముద్ర
సున్నా మీద సగం పడింది.

కట్ట దిగేటప్పుడు చూశాను:
పిట్టలు బెదురుతాయని
ఎప్పుడూ సైకిలు గంటకి చుట్టే గుడ్డపేలిక
ఇవాళ కూడా చుట్టే వచ్చాడు.
రోడ్డెక్కిందాకా విప్పలేదు.