ఎనిమిది గంటల నిద్ర

కెమీలో నవంబరు. గురువారం.
మూడింటికే చీకటి.
మూతబడ్డ గ్రంథాలయం వెనక గదిలో
హీటరు దగ్గుతూ ఉంటుంది.
నేను కథ చెబుతాను.
నలుగురు వింటారు, అడ్డం తిరుగుతారు, పాచికలు విసురుతారు.

పోయినవారం వంతెన మీద
తనేలి వీరుడు కూలాడు.
నలభై ఒక్క ప్రాణాల్లో ముప్పై ఏడు పోయాయి.
"ఎక్కడ తగిలింది?" అంది సైమి.
నియమాల పుస్తకం తిరగేశాను.
అంకెకి ఒళ్లు లేదు.
భుజం లేదు, మోకాలు లేదు.
ముప్పై ఏడు ఎక్కడైనా తగలొచ్చు,
ఎక్కడా తగలకపోనూవచ్చు.

నెగడు పక్కన ఎనిమిది గంటలు పడుకున్నారు.
తెల్లారింది.
తనేలి నాలుగుని చెరిపి నలభై ఒకటి వేసుకున్నాడు.
అంత గొడ్డలి దెబ్బా
బల్ల మీద చిటికెడు రబ్బరు పొట్టు.
ఉఫ్‌మని ఊదేశాడు.

పగలు నా ఉద్యోగం ఆసుపత్రిలో.
తుంటి విరిగినవాళ్లకి మళ్లీ మెట్లెక్కడం నేర్పుతాను.
ఒక్కో మెట్టుకి ఒక్కో నెల.
ఆ పొట్టు చూస్తే నాకు కాస్త సిగ్గు,
నిజం చెప్పాలంటే అసూయ కూడా.

ఒస్కరికి పందొమ్మిదేళ్లు, కోపమొచ్చింది.
"మచ్చ కూడా మిగలని యుద్ధం
లెక్కల హోంవర్కు" అన్నాడు.
రాత్రంతా మేలుకుని గాయాల పట్టిక రాసుకొచ్చాడు.
పక్కటెముకకి ఆరు వారాలు.
చీలమండకి పన్నెండు.
చీము పడితే మళ్లీ పాచిక.
సరే, చూద్దాం అన్నాం.

మూడు గురువారాలు
మా వీరులు మఠంలో చాపల మీద పడున్నారు.
కొండ అవతల దొర రెండు ఊళ్లు తగలబెడితే
మేం వార్తలా విన్నాం.
సైమి ఒక సాక్సుల జత అల్లేసింది.
రైమో మాత్రం, ఏమీ తోచకేమో,
కట్లు మార్చే ముసలి సన్యాసిని పేరేంటని అడిగాడు.
రెండేళ్ల ఆటలో మేం ఎవరి పేరూ అలా అడగలేదు.
వెల్గా, అన్నాను, అప్పటికప్పుడు పుట్టించి.
చిన్నప్పుడు ఆమెకి మూడు మేకలుండేవన్నాను.
మేకల పేర్లు కూడా కావాలన్నారు.
నడక మాని చతికిలబడ్డ కథకి
చుట్టూ చూసే తీరిక దొరికింది.

నాలుగో గురువారం
తనేలి ఆ పట్టికని మడిచాడు.
కుడిచేత్తో కాదు.
అది కాగితం మిల్లు రోలరులోకి వెళ్లి
తిరిగొచ్చి పదకొండు నెలలు.
రెండు వేళ్లు వంగుతాయి. బొటనవేలు మాట వినదు.
"ఒస్కరీ, నీ లెక్క తప్పు.
పన్నెండు వారాలని రాసి చివర చుక్క పెట్టావు.
ఆ చుక్క నాకింకా ఎవరూ చూపించలేదు.
వారమంతా నేను ఆ మఠంలోనే ఉంటాను.
గురువారమొక్కటీ
నన్ను తెల్లారనివ్వండి."

హీటరు దగ్గింది.
ఒస్కరి పెన్సిలు ముల్లు చూసుకుంటూ కూర్చున్నాడు.
ఆసుపత్రి నేర్పిన మాటలేవీ
నా నోటికి రాలేదు.
కథ చెప్పేవాళ్లకి తెలిసిన వైద్యం ఒక్కటే, అదే చేశాను.
"రాత్రి గడిచింది," అన్నాను,
"మంచు ఆగింది. ఎవరి అంకెలు వాళ్లకి తిరిగొచ్చాయి."

చెరిపారు. రాసుకున్నారు. ఊదారు.
గుమ్మం దగ్గర వెల్గా రొట్టెలు మూటగట్టి ఇచ్చింది.
మేకల్ని అడిగానని చెప్పు, అంది సైమి.
అవెప్పుడో చచ్చిపోయాయని
నేను చెప్పలేదు.

వంతెన. మళ్లీ అదే కాపలా.
"కత్తి దూస్తున్నాను," అన్నాడు తనేలి.
కాసేపాగి,
"ఎడమ చేత్తో."

ఎందుకని ఎవరూ అడగలేదు.
పుస్తకంలో దానికి లాభమూ లేదు, నష్టమూ లేదు,
ఒక్క అంకె కూడా మారదు.
పాచిక కూడా ఆ చేత్తోనే వేశాడు.
అలవాటు లేని విసురు;
బల్ల దాటి, గచ్చు మీద పడి,
హీటరు కిందికి దొర్లిపోయింది.

ఎంత పడిందో తెలియదు.
అయిదుగురం మోకాళ్ల మీద వంగి వెతుకుతున్నాం.