సొరుగు వాసన

మంత్రిత్వ శాఖ రెండో అంతస్తులో
ఆ గది తలుపు తీస్తే పులిసిన వాసన.
అయ్యగారు సొరుగులో ఊరగాయ దాచుకున్నారని
గుమాస్తాలు నవ్వుకునేవారు.
నేను నవ్వలేదు. నేను డ్రైవర్ని.
అంతకు ముందు సైకిల్ మీద రీలు డబ్బాలు మోసినవాణ్ణి,
ఒకే సినిమా రెండు హాళ్లలో ఆడే రోజుల్లో
ఇక్కడ తిరిగిన రీలు చల్లారక ముందే అక్కడికి చేర్చాలి.
ఆలస్యమైతే జనం కుర్చీలు విరగ్గొట్టేవారు.

ఊమ్ రస్మయ్. మా భాషలో రస్మయ్ అంటే కిరణం.
నామ్‌పెన్‌లో ఏడు బొమ్మలు తీశాడు:
నాగకన్యలు, పొగ నింపిన గుహలు,
గాజు కళ్ల మొసలి ఒకటి.
ఆ మొసలి లోపల ఉన్నది నేనే.

పట్నం ఖాళీ చేయించిన ఏడాది
"ఏం పని చేసేవాడివి?" అన్నాడు నల్లబట్టల కుర్రాడు.
"తాడి ఎక్కుతాను."
జన్మలో ఎక్కలేదు.
మర్నాడే నడుముకి వెదురు బొంగులు కట్టి
చెట్టు చూపించారు.
మూడేళ్ల మీద ఎనిమిది నెలలు ఎక్కాడు.
అరికాళ్లు చెప్పులయ్యాయి.
మట్టల మధ్య కూర్చుని
నాలుగు వేళ్లతో చట్రం పట్టేవాడట:
పొలంలో వంగిన వీపులు, గట్టు మీద తుపాకీ.
"క్రేను కోసం నిర్మాతల్ని ఎంత బతిమాలానో.
చివరికి వీళ్లిచ్చారు."
ఒక్కసారే చెప్పాడు, కారు అద్దంలోకి చూడకుండా.
ఆ వీపుల్లో ఒకటి నిమోల్‌ది, ఆయన భార్యది.
రోజూ లెక్కపెట్టేవాడు.
ఒక రోజు ఒకటి తగ్గింది.
బొంగు నిండేదాకా దిగకూడదు.

తర్వాత ప్రభుత్వం పిలిచింది.
చదువుకున్నవాళ్లు మిగల్లేదు, మిగలడమే చదువైంది.
బల్ల ఇచ్చారు, ముద్ర ఇచ్చారు, నన్నూ ఇచ్చారు.
బొమ్మలు తీసిన చేయి
బొమ్మలకు అనుమతులు రాసింది.
కొన్నిటికి రాయలేదు.

వన్నక్ అనే కుర్రాడి సినిమాలో
తాడి మీది నుంచి ఒక షాటు:
పొలం. వీపులు. గట్టు.
పైనుంచి ఫోను వచ్చింది, మానిన పుండు గెలకొద్దని.
రస్మయ్ సంతకం పెట్టాడు.
కుర్రాడు బల్ల మీద ఉమ్మాడు.
జేబురుమాలుతో తుడిచి, మడిచి, జేబులోనే పెట్టుకున్నాడాయన.
ఆ రోజు నాకు ఆయనంటే అసహ్యమేసింది.
ఇప్పటికీ కొంత ఉంది.

పోయాక సొరుగు ఖాళీ చేయమన్నారు.
కోయించిన ముక్కలన్నీ అందులోనే.
దేని దారం దానికి, దేని చీటీ దానికి:
తీసినవాడి పేరు, వీధి,
"తిరిగి ఇవ్వవలెను".
ముప్పై ఒకటి.
ఫిలిం ముసలిదైతే పులుస్తుంది,
ఊరగాయ కాదు.

వన్నక్ ముక్క కిటికీకి పెట్టి చూశాను.
రంగులు దిగిపోయి గులాబీ మిగిలింది.
వీపులు లెక్కపెట్టాను. మళ్లీ పెట్టాను.
ఎన్ని ఉండాలో నాకేం తెలుసు.

కారు తాళాలు అడిగారు, రేపిస్తానన్నాను.
మొదటి ఇల్లు టోన్లే సాప్ ఒడ్డున,
చేపలు ఎండబెట్టే సందులో.
వాన పట్టేలా ఉంది.
ఆలస్యమైతే కుర్చీలు విరగ్గొడతారు.