తరుగు

పగలు ఎనుమాముల మార్కెట్‌ల తక్‌పట్టీలు రాస్త.
బస్తాలెన్ని, తూకమెంత, తరుగెంత,
ఆఖరికి రైతు చేతికెంత.
సాయంత్రం అదే పెన్ను జేబుల పెట్టుకొని
కాజీపేట రైల్వే గ్రౌండుకు పోత.
బేస్‌బాల్ స్కోరు రాసేటోడు ఇంకొకడు లేడు ఈడ.
అసలు ఆ ఆటొకటున్నదని ఎరిగినోళ్లే తక్కువ.
బెత్తెడు బ్యాట్లు రెండు, ఒకదానికి సొట్ట.

నిన్న రాత్రి ఐదుగురు పిల్లల్ని
ఒక్క కాగితం మీద పక్కపక్కన నిలబెట్టిన.
అండర్ ఫోర్టీన్‌కు నలుగుర్నే పంపుమన్నరు.

కందగట్ల శ్రీవాత్సవ్, నలభైకి పదిహేడు హిట్లు.
వెయ్యికి కడితే నాలుగువందల ఇరవై ఐదు.
ఇమ్రోజ్, ముప్పై తొమ్మిదికి పదమూడు.
ఎలిషా, ముప్పై ఆరుకు పదకొండు
(ఎడమచేతి గ్లౌవు దొరికితే ఇంకా ఆడేటోడినని
ఇంటిదాక గొణుక్కుంట పోతడు,
గ్లౌవుకూ హిట్టుకూ ఏం సంబంధమో వానికే తెలవాలె).
తౌటం ఓంకార్, ముప్పై ఎనిమిదికి పది.
అందరికన్న కింద జాటోతు ఉపేందర్,
నలభై ఒకటికి తొమ్మిది. రెండువందల ఇరవై.

అంకెకు మొహం ఉండదు.
ఉంటే ఉపేందర్ అంకె నేల చూపులు చూసేది.

పొద్దున వాళ్ల నాయిన లచ్చిరాం
మిర్చి బస్తా దించి, తువ్వాలతో ముక్కు తుడుసుకుంట అడిగిండు:
"మా పోరనిదెంతొచ్చింది సార్?"
చెప్పిన.
కొంచెంసేపు ఊకున్నడు. ఘాటుకు రెండుసార్లు తుమ్మిండు.
"తరుగు తీసినంకనా, తీయకముందా?"

నవ్విన. నవ్వినంక నవ్వు రాలె.

మళ్ల పుస్తకం తీసిన.
మంచి బంతి కాకపోతే వదిలేయాలె ఈ ఆటల.
అట్ల నాలుగు వదిలితే నడుసుకుంట బేస్‌కు పోవచ్చు.
అది హిట్టు గాదు.
బ్యాటు పట్టినట్టు కూడ లెక్కల రాదు.
పుస్తకం అంచున చిన్న చుక్క, అంతే.
ఉపేందర్ చుక్కలు లెక్కబెట్టిన. పద్నాలుగు.
శ్రీవాత్సవ్‌వి రెండు. ఇమ్రోజ్‌ది ఒక్కటి,
అది కూడ బంతి భుజానికి తాకబోతే ఒరిగినప్పటిది.
ఎలిషావి మూడు, ఓంకార్‌వి నాలుగు.

చుక్కలు కలిపి మళ్ల వెయ్యికి కట్టిన.
ఉపేందర్ నాలుగువందల పద్దెనిమిది.
అడుగున ఉన్నోడు రెండో వరుసల నిలబడ్డడు.
శ్రీవాత్సవ్ మొదటోడే, ఎట్ల తిప్పి కట్టినా మొదటోడే.
వాడు కొడితే బంతి రైలుపట్టాల దిక్కు పోతది,
నేను కూడ పెన్ను ఆపి చూస్త.

పుట్టినరోజులు కూడ చూసిన, చూడకుంటే బాగుండు.
శ్రీవాత్సవ్ జనవరి రెండు.
ఉపేందర్ అదే ఏడు డిసెంబరు ఇరవై ఎనిమిది.
మీసం మొలిచే ఈడుల ఏడాదంటే ఎంత.
ఏసీల దాచిన కాయనూ నిన్న కల్లంల ఆరిన కాయనూ
ఒక్క రాశి పోసి ఒక్క ధర పాడినట్టు.

ఫారంల చుక్కలకు గడి లేదు.
పేరు, పుట్టిన తేదీ, హిట్లు, సగటు, హెడ్‌మాస్టర్ సంతకం.
అంచున సన్నగా రాసిన: "వదిలినవి పద్నాలుగు."
చదివేటోనికి ఏం అర్థమైతదో.
ఏం వదిలిండు, బడి వదిలిండా అనుకుంటడేమో.
కొట్టేసి మళ్ల రాసిన. మళ్ల కొట్టేసిన.
మూడోసారి రాసి, ఎండేదాక ఊదిన.

ఇయ్యాల గ్రౌండుల గూడ్సుబండి పోయేదాక పిచ్చరు ఆగిండు.
యాభై ఎనిమిది పెట్టెలు, ఉపేందర్ లెక్కబెట్టిండట.
"సార్, నాదెంత?" అన్నడు బ్యాటు కాళ్ల సందున పెట్టుకొని.
ఏది చెప్పాలె, ఏ లెక్క చెప్పాలె.
"ఆడు పో" అన్న.

మొదటి బంతి బయట. వాడు కదలలే.
రెండోది మోకాలి కింద. కదలలే.
వెనుకనుంచి ఓంకార్ "కొట్టురా" అని మొత్తుకుంటున్నడు.
మూడోది ఎక్కడికో, పట్టుకునేటోడు ఉరికిండు.
నాలుగోది వచ్చేటప్పుడు
వాని మణికట్టు ఒక్క వెంట్రుకంత ముందుకొచ్చి
ఆగింది.

పెన్ను మూత నోట్ల పెట్టుకొని
చుక్క పెట్టిన.