ఏడో పాఠం

కల్యాణదుర్గం ఆసుపత్రిలో
ఎక్స్‌రే గది పక్కన చిన్న గది.
ఒక కుర్చీ, ఒక కంప్యూటరు,
చెవులకు పెట్టుకునే డొప్పలు.
ఎడమపక్కది పలకదు.

బోరుబండి మీద పదకొండేండ్లు.
నడుము పోయి, నొప్పికి మాత్ర.
మాత్ర పోయి అట్ట, అట్ట పోయి డబ్బా.
ఆనక నొప్పి పోయింది,
మాత్ర పోలే.

యంత్రంలో ఒగామె మాట్లాడతాది.
"మీరు ఈ రోజు ఎలా ఉన్నారు?"
మీరంట!
బ్యాంకోళ్ల నోటీసులో తప్ప
నన్ను మీరని ఎవురూ అన్లే.

"సున్నా నుంచి పది వరకు, మీ కోరిక ఎంత?"
మేం లెక్కబెట్టేది అడుగుల్లో, తల్లీ.
నాలుగునూర్లకు తడిమన్నన్నా రాకుంటే
రైతు మొగం చూడకూడదు.
తొమ్మిదినూర్లకూ దుమ్మే.
ఇంగొక కడ్డీ దించప్పా అంటాడు,
ఇంగొకటి, ఇదొక్కటే అంటాడు.
ఆయప్ప గొంతులో నా గొంతు.
పది నొక్కినా.

ఆమె కోప్పడలే.
మూడు దినాలు ఎగ్గొట్టి పోయినా అంతే:
"మీరు ఆగిన చోటి నుంచి మొదలుపెడదాం."
ఇంట్లోవాళ్లు
పడిన చోటి నుంచి మొదలుపెడతారు.

ఏడో పాఠంలో సముద్రం వచ్చింది.
"కోరిక ఒక అల. లేస్తుంది, విరుగుతుంది.
పోరాడకండి, దానిపై తేలండి."
తెర మీద నీలంగా ఏందో ఊగింది.
నేను చూసిన నీళ్లన్నీ
గొట్టంలోంచి బురదగా ఎగిరినవే.
తేలమంటే యాడ తేలేది?
షంషాద్ మేడమ్‌ను అడిగితే
"నాకేం తెల్సు తిప్పేసామీ,
నాది ఉరవకొండ" అని నగింది.

ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడింటి,
ఎదురుగా మందులంగడి.
చేతులు వణుకు, ఈపంతా చెమట.
అప్పుడు మతికొచ్చింది
చేన్లో శెనిక్కాయల కట్టెను
లేపుకపోయే సుడిగాలి.
మా జేజి అరిచేది:
పరిగెత్తొద్దురా, ఎనకాలే వస్తాది.
కండ్లు మూసుకో, చొక్కా బిగబట్టుకో,
నిలబడు. దాని దోవ దానిది.

నిలబడినా.
నోట్లో మన్ను, చెవుల్లో హోరు.
రెండు బస్సులు పోయినాయి.
అంగడాయప్ప షట్టరు దించినాడు.
కండ్లు తెరిస్తే
రోడ్డు మీద ఒక్క ఆకూ కదల్లే.

మర్సటి దినం
"మీ మాటల్లో రాయండి" అనింది తెర.
ఒగ అక్షరం ఎదకాలంటే గడియ.
ఒక్కొక్కటే పొడిచినా:
సుడి గా
కరెంటు పోయింది.

రాసింది దాచుకునిందో లేదో.
ఈ పొద్దు లెక్క ఆమె అడగనేలే.
డొప్పలు తీసి చేతిలో పట్టుకొని
ఆరు, అని చెప్పినా,
పలకని ఎడమదాన్లోకి.