వెంట్రుకవాసి

ఇంద్రెక్,
నా బల్ల నీకిచ్చారని హెల్దుర్ చెప్పాడు.
మూడో సొరుగు కాస్త పైకెత్తి లాగాలి, లేకపోతే రాదు.
అందులోని రబ్బరు వలయాలు పారెయ్యకు,
ఒక్కటి తప్ప అన్నీ మంచివే.
ఆ ఒక్కదాన్నీ సంచిలో వేసి పేరు రాశాను.
నా పేరే.

ఆ ఏడు ఎమాయిగి నది గడ్డకట్టే వేళకి
మా వాక్యూమ్ చాంబర్‌లోకి గాలి చొరబడుతోంది.
ఎక్కణ్ణించో తెలీదు.
మూడు నెలలు
హీలియం గొట్టం పట్టుకుని ప్రతి కీలు దగ్గరా
రోగి వీపుకి చెవి ఆనించినట్టు నిలబడ్డాను.
పంపు మీద అనుమానం, అతుకుల మీద అనుమానం,
నాకు ముందు పనిచేసినవాడి మీద మరీ అనుమానం.
అతనిప్పుడు తాలిన్‌లో ఏదో బ్యాంకుకి
మునిగే అప్పులు లెక్కగడుతున్నాడు.
ఫోన్ చేస్తే నవ్వాడు:
"రాసుకుంటున్నావా?"

లేదు. ఆ రాత్రి మొదలుపెట్టాను.
తారీఖు, పీడనం, విప్పింది, బిగించింది,
ఎందుకలా అనుకున్నానో.
"ఎందుకు" గడి నింపడానికి
ఒక్కోసారి తెల్లారిపోయేది.

హెల్దుర్‌కి ఏ పట్టా లేదు, ముప్పై ఏళ్ల లేత్ మెషిన్ ఉంది.
నా పుస్తకం తిరగేసి అన్నాడు:
"అన్నీ విప్పావు పిల్లా,
మొట్టమొదట నువ్వు బిగించింది తప్ప."

విప్పాను.
వలయానికి అడ్డంగా ఒక వెంట్రుక,
పొడుగ్గా, రాగి రంగులో.
మా ల్యాబులో రాగి జుట్టు నాదొక్కదానిదే.

నా థీసిస్‌లో ఈ మూడు నెలలూ లేవు.

పైదె దగ్గర పాలపొడి ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూ.
థీసిస్ పేరు సగం చదివి పక్కన పెట్టిందా పెద్దావిడ.
"చివరిసారి ఎప్పుడు పొరబడ్డావు? ఎలా తెలిసింది?"
సమీకరణాలు బట్టీపట్టి వెళ్లాను,
నోట్లోంచి వెంట్రుక ఊడిపడింది.
"ఎవరికి చెప్పావు?"
"అందరికీ. శుక్రవారం మీటింగులో, ఫొటోతో సహా."
ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.
వెంట్రుకవాసిలో ఉద్యోగం దొరకడమంటే ఇదే కాబోలు.

ఇక్కడ పొడి ఆరే గోపురంలో ఎక్కడో చెమ్మ దూరుతోంది.
రాత్రి షిఫ్టు వాళ్లకి తెలుసు, నన్నింకా నమ్మరు.
వాళ్లతో కలిసి సొరచేప రంగు చలిలో
సిగరెట్ లేకుండా నిలబడడం నేర్చుకుంటున్నాను.

మరొకటి. నా కోడులో "చివరిది_2" అనే ఫైలు ముట్టుకోకు.
ఎందుకు నడుస్తుందో నాకూ తెలీదు,
అదే పైన రాసిపెట్టాను.

చాంబర్ మూసేముందు జుట్టు ముడేసుకో.
నీది గుండు అంటున్నాడు హెల్దుర్.
అయితే గడ్డం.

మారికా